సేటుది రోగమా, కోపమా?

2023 వానాకాలం. సూరత్‌లో అడాజన్ వైపు నా క్లినిక్. పశువైద్యురాలినంటే మా ఊళ్లో ఇప్పటికీ గేదెల డాక్టరనే అనుకుంటారు. నేను చూసేది మాత్రం ఎక్కువగా కుక్కల్ని, పిల్లుల్ని, అప్పుడప్పుడూ తిండి మానేసిన చిలకల్ని. మా ఆయన హజీరాలో ఇంజినీరు. ఆయన ఉద్యోగం వెంట తెనాలి నుంచి వచ్చి, ఊరికే కూర్చోవడం చేతకాక బోర్డు పెట్టాను. నాకు నోరు కొంచెం ఎక్కువ. కుక్కలు దాన్ని పట్టించుకోవు, వాటిని తెచ్చేవాళ్లు అలవాటు పడ్డారు.

ఆ రోజు పొద్దున్నే వాన పడి వెలిసింది. బయట బల్ల దగ్గర పేర్లు రాసుకునే హేతల్ తలుపు తీసి, "సేట్" అని పిలిచింది. ఇద్దరు లేచారు. ఒకాయన చీరల వ్యాపారి, ఒళ్లో తెల్ల పర్షియన్ పిల్లి. ఆయన్ని బజారంతా సేట్ అనే పిలుస్తుంది కాబట్టి ఆయన తప్పేమీ లేదు. రెండోది గోధుమరంగు ఊరకుక్క. పన్నెండేళ్లుంటాయి, మూతి నెరిసింది, పొట్ట మాత్రం నిండుగా ఉంది. నిజానికి పిలుపు దానికే. వ్యాపారి ఒకసారి కుక్కను చూసి, ఒకసారి నన్ను చూసి కూర్చున్నాడు.

సేటు వెనక ముగ్గురు మనుషులు వచ్చారు. ముందు నర్సవ్వ, అరవై దాటిన మనిషి. వెనక ఆమె కొడుకు శ్రీను, డిండోలి దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టర్. కుక్క గొలుసు పట్టుకున్నది శ్రీను భార్య లావణ్య. జ్యేష్ఠంలో పెళ్లయి సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తకోడలు. ఆ పిల్ల మొహంలో పరీక్ష ఫలితాల కోసం వచ్చినంత బెంగ కనబడింది.

"డాక్టరమ్మా, మీరు తెలుగోళ్లని ఎరికై గింత దూరం వచ్చినం," అంది నర్సవ్వ. "మందు తర్వాత. ముంగట ఒక్క మాట చెప్పుండ్రి. వీనిది రోగమా, కోపమా?"

ఇన్నేళ్లలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. "కోపమేమిటమ్మా? ఎవరి మీద?"

ఆమె కోడలి వైపు చూడకుండానే చెప్పింది. "పెండ్లి అయినంక కోడలు గడప మీద బియ్యం చెంబు తన్ని లోపలికొచ్చింది. ఎనకనే వీడు ఉరికొచ్చి, అందరి ముంగట దబ్బున పడ్డడు. లేచిండు. మొఖం తిప్పుకొని బయటికి పోయిండు. గంతే. ఆ రోజుకెల్లి ఇంట్లకు వస్తలేడు. పక్కింటి కాంతాబెన్ అరుగు మీదనే పంటున్నడు."

"పన్నెండేళ్ల కుక్క. కాళ్ల నొప్పేమో."

"కాళ్ల నొప్పైతే గల్లీల ఎట్ల తిరుగుతడు? కాంతాబెన్ అరుగు ఎట్ల ఎక్కుతడు?"

ఆవిడ అంతటితో ఆగలేదు. సేటును పెంచింది ఆమె భర్త మల్లేశం. కార్ఖానా గేటు దగ్గర దొరికిన కుక్కపిల్లను జేబులో పెట్టుకుని తెచ్చాడట. "పొద్దందాక కార్ఖానా సేటు కూసో అంటే కూసునుడు, లే అంటే లేసుడు. ఇంటికొచ్చి వీనికి సేటని పేరు పెట్టి, 'సేటూ, కూసో' అంటుండె. వీడు కూసుంటే గాయనకు కడుపు చల్లబడుతుండె." మల్లేశం పోయి మూడేళ్లు. అప్పటినుంచి ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా సేటు వాసన చూడాలి. ఫ్రిజ్‌ను చూశాడు, తోక ఊపాడు, ఉంచారు. ఒక కుర్చీని చూసి గుర్రుమన్నాడు, మర్నాడే తిరిగిచ్చేశారు.

"గాయన మనసు వీనికి ఎరికె," అంది నర్సవ్వ. "వీడు ఒప్పుకుంటలేడంటే గాయన ఒప్పుకుంటలేనట్టే గద. కోపమే అయితే ఉన్‌ల ఒక అర్ర చూసి పెట్టినం. వీళ్లిద్దరు ఆడ ఉంటరు. నేను, సేటు ఈడ ఉంటం."

శ్రీను ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. ఉన్ అంటే సచిన్ దగ్గర, కార్మికులుండే పేట. కాపురానికొచ్చి మూడు నెలలు తిరక్కుండానే, కుక్క వద్దందని వేరు కాపురం పెట్టిస్తారన్నమాట. సిరిసిల్లలో ఆ పిల్ల అమ్మానాన్నలకు ఏమని చెబుతుంది? నాకు ఒళ్లు మండింది. కానీ ఆవిడ కళ్లలోకి చూస్తే కోపం నిలవలేదు. ఆవిడకు కోడలి మీద కసేమీ లేదు. చనిపోయిన మొగుడి మాట జవదాటుతున్నానేమోనని భయం, అంతే.

"సరే, ముందు నడిపించండి," అన్నాను.

డాక్టరు ముందు నడిపించి చూడటాన్ని మేము గేట్ ఎగ్జామినేషన్ అంటాం, నడక తీరు చూడటమే. సేటు ఏం చేశాడంటే, మెడ ఎత్తి, తోక పైకి పెట్టి, గది ఈ చివర నుంచి ఆ చివరకు పెళ్లికొడుకులా నడిచాడు. ఇది నాకు కొత్త కాదు. క్లినిక్‌కు వచ్చిన కంగారులో కుక్కలు కుంటడం మరిచిపోతాయి, ఇంటికెళ్లాక మళ్లీ మొదలుపెడతాయి. కానీ ఆ మాట ఎవరు వింటారు?

"చూసిన్రా," అంది నర్సవ్వ. లావణ్య తల దించుకుంది. సేటు వచ్చి ఆ పిల్ల చెయ్యి నాకాడు.

"కోపమున్నవాడు చెయ్యి నాకుతాడా?"

"బయట మంచిగనే ఉంటడు. ఇంట్లనే."

ఇక చేత్తో చూడటం మొదలుపెట్టాను. వెనక తొడల కండ కరిగిపోయింది. నొప్పి కాలి మీద బరువు వేయని కుక్కకు అలాగే అవుతుంది. తుంటి కీలును మెల్లగా వెనక్కి చాపితే, అంత పెద్దమనిషి సేటు తల తిప్పి నా చేతిని నోటితో పట్టుకున్నాడు. కొరకలేదు, చాలమ్మా అన్నాడు. లోపల గరగర నా వేళ్లకు తగిలింది. దాన్ని క్రెపిటస్ అంటాం. కీలులో నున్నటి పొర అరిగిపోతే వచ్చే రాపిడి అది. ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ అరిగి, అంచులు గరుకు తేలి కనిపించాయి. ఆర్థరైటిస్. మనుషుల కీళ్లవాతం లాంటిదే. పడుకుని లేచేటప్పుడు బిగుసుకుపోవడం, నాలుగడుగులు వేశాక సర్దుకోవడం, మెట్లు మానేయడం, నొప్పి ఉన్నచోట నాక్కోవడం దాని గుర్తులు. ముసలిదైపోయింది, బద్ధకం అనుకుని చాలామంది ఊరుకుంటారు. అలిగింది అనుకున్నవాళ్లు మాత్రం వీళ్లే.

"రోగమే," అన్నాను. లావణ్య ఊపిరి పీల్చుకుంది.

బరువు చూశాను. ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. అరిగిన కీళ్లకు అధిక బరువే పెద్ద శత్రువు. ఏం పెడుతున్నారని అడిగాను.

"పొద్దుగాల ఒక్క రొట్టె. గంతే," అంది నర్సవ్వ.

"నేను ఐతారం ఐతారం శెనగపిండి ఫాఫ్డా ఇస్తా. నా దాంట్ల సగం," అన్నాడు శ్రీను.

"రోజు ఇస్తవు," అంది నర్సవ్వ.

లావణ్య చాలాసేపు గొలుసు చుట్టుకుని, విప్పుకుని, ఆఖరికి నోరు విప్పింది. "నేను సర్వపిండి పెడుతున్న మేడం. గడప లోపల పెట్టి పిలుస్తున్న, లోపలికి వస్తడేమోనని. మెడ సాపి తింటడు. మళ్లా పోతడు."

లంచం తీసుకుని పని చేయనివాళ్లను చూశాను గానీ, ఇంత నిజాయితీగా గడప అవతలే నిలబడి తీసుకున్నవాణ్ని చూడలేదు. దానికి తోడు కాంతాబెన్ అరుగు మీద రోజూ నెయ్యి రాసిన సజ్జరొట్టె, వాళ్ల రోట్లా, నడుస్తోందని తేలింది. అన్నీ బంద్ అన్నాను.

"నొప్పికి ఏమైనా మందు వేశారా?"

"నా గోలీల సగం ఇస్తున్న," అంది నర్సవ్వ. "నా మోకాళ్లకు డాక్టర్ రాసిండు. సగం నేను, సగం వీడు."

అప్పుడు మాత్రం నేను అరిచాను. మనుషుల నొప్పి మాత్రలు కుక్క కడుపును, కిడ్నీలను, కాలేయాన్ని పాడు చేస్తాయి. కొన్ని ప్రాణాలే తీస్తాయి. కుక్కలకు వేరే మందులున్నాయి, అవి కూడా రక్తపరీక్ష చేశాకే ఇస్తాం. ఇదంతా చెప్పి, "మీరు సగమే వేసుకుంటే మీ మోకాళ్ల నొప్పి ఎలా తగ్గుతుందమ్మా? కుక్కకు తీసిన ఎక్స్‌రే మీరు తీయించుకున్నారా?" అన్నాను.

"నాకెందుకు? నేను కుక్కనా?" అంది నర్సవ్వ.

రక్తపరీక్ష బాగానే వచ్చింది. మందు రాసి, రోజూ కొద్దికొద్దిగా నడిపించమని, వెచ్చటి కాపడం పెట్టమని చెప్పి, పెరిగిన గోళ్లు కత్తిరించి పంపాను. కేసు అయిపోయిందనుకున్నాను. మనమనుకున్నట్టు అయిపోతే అది కేసు ఎందుకవుతుంది?

రెండు వారాలకు మళ్లీ వచ్చారు. సేటు బరువు కాస్త తగ్గింది. ఈసారి కీలు కదిపితే నా చేతిని పట్టుకోలేదు. గల్లీలో పిల్లుల్ని తరుముతున్నాడట. నేను సంబరంగా నర్సవ్వ వైపు చూశాను. ఆవిడ మొహం మాత్రం ఇంకా దిగులుగానే ఉంది.

"రోగం తగ్గింది డాక్టరమ్మా. మీ చెయ్యి మంచిది. గని ఇంట్లకైతే వస్తలేడు. రోగం పోయినంక సుత రాలేదంటే అది కోపమే గద."

చూశారా, నా మందే నా మీద సాక్ష్యం చెప్పింది. కుక్క పూర్తిగా కుంటినా బాగుండేది, ఆ పిల్ల బతికిపోయేది. వచ్చే ఐతారం ఉన్‌కు సామాను తీసుకుపోతారని శ్రీను నసిగాడు. వెళ్తూ వెళ్తూ లావణ్య వెనకబడి, "మేడం, జర ఒక్కసారి మా ఇంటికి రాండ్రి," అంది. ఆ మాట అడగడానికి ఎంతసేపు ధైర్యం కూడగట్టుకుందో గొంతులోనే తెలిసింది.

శనివారం సాయంత్రం డిండోలి వెళ్లాను. సన్నగా వాన. సేటు కాంతాబెన్ గరుకు రాతి అరుగు మీద దర్జాగా పడుకుని నన్ను చూసి తోక ఊపాడు. నేను చెప్పులు విడిచి, తడికాళ్లతో నర్సవ్వ గడప దాటి మొదటి అడుగు వేశాను. రెండో అడుగు నేను వేయలేదు, అదే వెళ్లిపోయింది. చేతికందిన తలుపు తెర పట్టుకున్నాను. తెర, దాని కమ్మీ నాతోపాటు వచ్చేశాయి. లావణ్య నడుం పట్టుకుని ఆపకపోతే ఆ ఇంట్లో సాష్టాంగపడిన రెండో ప్రాణిని నేనే.

నిలదొక్కుకుని కిందికి చూస్తే నా మొహం నాకే కనిపించింది. తెల్లటి టైల్స్, అద్దంలా మెరుస్తున్నాయి.

"ఇవి ఎప్పుడు వేయించారు?"

"పెండ్లికి వారం ముందు," అన్నాడు శ్రీను గర్వంగా. "మోర్బీ టైల్స్ మేడం, పేరున్న మాల్. సిరిసిల్లకెల్లి సుట్టాలు వస్తరు గదా అని వేయించిన. పాడు చేస్తడని పెండ్లిదాక సేటును బయటనే కట్టేసినం."

"అంతకు ముందు?"

"కోటా రాయి. గరుకుగ ఉండె."

నాకు నవ్వు, కోపం కలిసి వచ్చాయి. నా క్లినిక్‌లో నేలంతా గరుకు రబ్బరు మ్యాట్ పరిచి ఉంటుంది, కుక్కలు జారకూడదని నేనే పరిపించాను. గల్లీ మట్టి, అరుగు రాయి. సేటు నడిచిన ప్రతి చోటా కాలికి పట్టు దొరికింది, ఈ ఇంట్లో తప్ప. తుంటి అరిగిన కుక్క నున్నటి నేల మీద వెనక కాళ్లు కూడదీసుకోలేదు. కాళ్లు పక్కలకు జారిపోతాయి, జారినప్పుడల్లా కీలు కలుక్కుమంటుంది. ఒక్కసారి అలా పడిందంటే ఇక ఆ నేలను నమ్మదు. టైల్స్, కోడలు ఒకే వారంలో వచ్చాయి. పైగా ఆ రోజు చెంబులోంచి ఒలికిన బియ్యం ఒకటి. నింద పడింది మాత్రం లావణ్య మీద.

ఇదంతా చెబితే నర్సవ్వ గోడకు చెయ్యి ఆనించి నిలబడి వింది. "మీరు జారిన్రు, సరే. మీకు షహర్‌ల నడక. వాడు జారలే, అలిగిండు."

"అయితే ఇప్పుడే తేల్చుకుందాం. ఏదైనా పరవండి."

శ్రీను దుప్పటి తెచ్చి పరిచాడు. అప్పటికి గల్లీలో సగం మంది గుమ్మం ముందు చేరారు. సేటును పిలిస్తే వచ్చాడు, ముందు కాలు దుప్పటి మీద పెట్టాడు, దుప్పటి సర్రున జరిగింది. కాలు వెనక్కి తీసుకుని, మొహం తిప్పుకుని, అరుగెక్కాడు. జనం ఆహా అన్నారు. నర్సవ్వ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నా డిగ్రీ వరకూ వెళ్లింది.

"నున్నటి నేల మీద బట్ట ఇంకా జారుతుంది. అడుగున రబ్బరుండాలి," అన్నాను.

లావణ్య బయటికి పరుగెత్తింది. కాంతాబెన్ గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే రబ్బరు పట్టా లాక్కొచ్చింది. తర్వాత దాని పక్కిల్లు, ఎదురిల్లు, ఆ పక్కది. "అరే, మారూ ఛే," మాదే, మాదే అని ఆడవాళ్లు వెంటబడి వచ్చారు. ఆ పిల్ల వినలేదు. గడప నుంచి వంటింటి దాకా పట్టాలు వరుసగా పరిచేసింది. సగం వాటి మీద గుజరాతీలో 'భలే పధారో' అని రాసి ఉంది. అంటే దయచేయండి అని. ఒక ఊరకుక్కను ఆ వీధి అన్నిసార్లు దయచేయమంది.

సేటు లేచాడు. గడప దగ్గర ఆగి మొదటి పట్టా వాసన చూశాడు. ఒక కాలు పెట్టాడు. నిలిచింది. ఇంకో కాలు పెట్టాడు. అదీ నిలిచింది. నర్సవ్వ చేతిలో రొట్టె పట్టుకుంది, లావణ్య చేతులు ముడుచుకుని కూర్చుంది. సేటు నాలుగు కాళ్లతో లోపలికి వచ్చి, నర్సవ్వను దాటి, లావణ్యను దాటి, నన్నసలు లెక్కచేయకుండా, పట్టా తర్వాత పట్టా మీదుగా వంటింట్లోకి పోయి రొట్టెల డబ్బాకు ముక్కు ఆనించి నిలబడ్డాడు.

నర్సవ్వ గోడ వదలకుండానే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీ మామ సుత గింతే, లావణ్యా," అంది. "కార్ఖానాకెల్లి వస్తే ఎవరిని పలకరించకపోతుండె. సీదా వంటింట్లకే."

కోడలిని ఆమె పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు. శ్రీను ఫోన్ తీసి, ఉన్ ఇంటాయనకు రావడం లేదని చెప్పడానికి బయటికి పోయాడు. నర్సవ్వ నాకు క్షమాపణ చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. "చాయ్ పెట్టు బిడ్డా, డాక్టరమ్మ జారింది," అంది అంతే. ఆ ఇంట్లో అదే పెద్ద మాటని లావణ్య మొహం చూస్తే తెలిసింది.

వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆ పిల్ల మెల్లగా అడిగింది. "మేడం, ఇంకో మాట. మా అత్త నేనొచ్చిన కాడికెల్లి ఒక్కసారి సుత నా అర్రలకు రాలే. తలుపు కాడనే నిలబడి మాట్లాడుతది. నేనంటే ఇష్టం లేదని తెలుసు, గని..." ఆగి, సిగ్గుపడుతూ నవ్వింది. "ఆమెది రోగమా, కోపమా?"

"నేను కుక్కల డాక్టర్నమ్మా," అన్నాను. కానీ చూపు గోడ మీదికి పోయింది. పెళ్లికి వేసిన కొత్త సున్నం మీద, నర్సవ్వ భుజం ఎత్తున, మంచం దగ్గర నుంచి వంటింటి దాకా నూనె చేతి మరకలు. గోడ ఆగిన చోట మరకలూ ఆగాయి. లావణ్య గదికి పోవాలంటే గోడ ఆసరా లేకుండా నడిమధ్య టైల్స్ దాటాలి. కొడుకు ముచ్చటపడి వేయించిన నేల మీద నడవలేకపోతున్నానని ఏ తల్లి చెబుతుంది?

"ఆ మరకలు చూడు," అన్నాను. పిల్ల చూసింది. చాలాసేపు చూసింది.

గల్లీవాళ్లు ఆ సాయంత్రమే ఎవరి పట్టాలు వాళ్లు తీసుకుపోయారట. నెల దాటాక సేటును చూడటానికి మళ్లీ వెళ్లేసరికి లావణ్య సొంతంగా కుట్టేసింది. కార్ఖానాలో మిగిలే గుడ్డ పీలికలు, వాటిని చిందీ అంటారు, జడలల్లి పట్టాలు చేసి, అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు కుట్టింది. సిరిసిల్ల పిల్లకు గుడ్డతో పని ఎవరు నేర్పాలి? సేటు సన్నబడ్డాడు. వంటింటి గుమ్మం దగ్గర, ఉల్లిపాయలు తరుగుతున్న లావణ్య పాదాల మీద గడ్డం పెట్టి నిద్రపోతున్నాడు.

పట్టాల దారి గడప నుంచి వంటింటికి, అక్కడి నుంచి సేటు పడకకు ఉంది. అది నేను చెప్పినట్టే ఉంది. దాంతోపాటు ఇంకో దారి కనిపించింది. నర్సవ్వ మంచం దగ్గర మొదలై, నేల నడిమధ్యగా, నేరుగా లావణ్య గదిలోకి పోయింది.

"ఇటువైపు ఎవరికి వేశావు?" అన్నాను లావణ్యతో. "సేటు ఈ గదిలోకి వెళ్తాడా?"

లావణ్య తల ఎత్తకుండా ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. జవాబు నర్సవ్వ చెప్పింది.

"పోతడు, పోతడు. దినాం పోతడు. మాపటికి ఆడ కూసొని టీవీ చూస్తడు."

అప్పటినుంచి ముసలి కుక్క ఫలానాది మానేసిందని ఎవరు తెచ్చినా, కాలు పట్టుకోకముందే మీ ఇంట్లో నేల ఏమిటని అడుగుతున్నాను. ఆ తర్వాత తెచ్చినవాళ్లు కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో కూడా ఓ కంట చూస్తున్నాను. ఈ కేసు నాకు నేర్పింది అదే.

ఆ రోజు నేను చాయ్ తాగి లేచేసరికి టీవీలో సీరియల్ మొదలైన చప్పుడు వినిపించింది. నర్సవ్వ మంచం దిగింది. చెయ్యి గోడ వైపు పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. గోడ ముట్టకుండా పట్టాల మీద అడుగులో అడుగు వేసుకుంటూ కోడలి గదిలోకి వెళ్లి, లోపలి నుంచి కేకేసింది.

"సేటూ, రా, కూసో."

సేటు కదల్లేదు. లావణ్య కత్తిపీట పక్కన పెట్టి, కాళ్ల మీది తలను మెల్లగా కింద ఆనించి, "వస్తున్న అత్తమ్మా," అని లేచింది.